ఉత్ప్రేరక తలంపై ఎలక్ట్రాన్ల జాడ

రసాయన చర్యలో పాల్గొనియు తాను వ్యయం కాక, చర్యా వేగాన్ని మార్చే పదార్థాన్ని తెలుగులో ఉత్ప్రేరకమనీ, ఉర్దూలో అమల్ అంగేజ్ అనీ అంటారు. రెండింటిలోనూ పురికొల్పడమనే అర్థమే కలదు. ఇరు మాధ్యమాల విద్యార్థులూ చదివే సంచిక గనుక ముందుగా ఈ మాట చెప్పవలసి వచ్చింది.

పటాన్‌చెరు, బొల్లారం ఔషధ కర్మాగారాలకు ఉత్ప్రేరకాలు కొత్తవి కావు. నైట్రో సమ్మేళనాన్ని అమైన్‌గా మార్చడానికి, బొగ్గుపొడిపై చేర్చిన పల్లాడియాన్ని రియాక్టరులో వేసి హైడ్రోజన్ పంపడం ఔషధ పరిశ్రమలో సర్వసాధారణం. ఒక మోల్ నైట్రో సమూహం ఇట్లు మారితే 500 కిలోజౌళ్ళకు పైగా వేడి పుడుతుంది. అందుచేతనే రియాక్టరు జాకెట్టులో చల్లని నీటిని ప్రవహింపజేస్తారు. వడపోసిన పల్లాడియాన్ని తడిగా ఉంచకపోతే గాలి తగిలి అంటుకొనవచ్చును. ఈ సంగతి పరీక్షలో అడగరు గాని, పనిలో చేరిన మొదటినాడే తెలిసి ఉండాలి.

ఇంతకూ ఆ శక్తి మొదట ఏ రూపంలో వెలువడుతుంది? పాఠ్యపుస్తకం ‘ఉష్ణం’ అని ఒక్క మాటతో ముగిస్తుంది. అది చివరి మాటే గాని మొదటి మాట కాదు. లోహతలంపై బంధం ఏర్పడినపుడు విడుదలైన శక్తిలో కొంత పరమాణువుల కంపనంగా మారుతుంది. కొంత నేరుగా లోహంలోని ఎలక్ట్రాన్లకు చేరుతుంది. అట్టి ఎలక్ట్రాను సెకనులో లక్షకోట్ల వంతు గడవకముందే తన శక్తిని తోటివాటికి పంచి చల్లబడుతుంది. దానిని పట్టుకొనడమెట్లు?

1999లో నీన్‌హౌస్, ఆయన సహచరులు ఒక ఉపాయం చేశారు. సిలికాన్‌పై కొన్ని నానోమీటర్ల మందం గల వెండి లేదా రాగి పొరను పరచి, దానిపై హైడ్రోజన్ పరమాణువులను పడనిచ్చారు. లోహానికీ సిలికాన్‌కూ నడుమ షాట్కీ అవరోధమనే గట్టు కలదు. దాని ఎత్తు ఇంచుమించు అర ఎలక్ట్రాన్ వోల్టు. గది ఉష్ణోగ్రత వద్ద ఉష్ణశక్తి అందులో ఇరవయ్యవ వంతు మాత్రమే. కనుక సాధారణ ఎలక్ట్రాన్లు చెరువుకట్ట లోపలి నీటివలె నిలిచిపోతాయి. చర్య వలన శక్తి పొందినవాటిలో కొన్ని, పొర పలుచన గనుక, చల్లబడకముందే గట్టు దాటి విద్యుత్ ప్రవాహంగా నమోదవుతాయి. వేడివలన దాటే కొద్దిపాటి ఎలక్ట్రాన్లు లెక్కను చెరపకుండా పరికరాన్ని బాగా చల్లబరిచారు.

అయితే ఇక్కడ పరమాణువులు లోహానికి అంటుకున్నాయే గాని ఉత్ప్రేరక చర్య జరగలేదు. ఆ లోటును 2005లో బర్క్లీలో సొమోర్జాయ్ బృందం తీర్చింది. ప్లాటినం పొరపై కార్బన్ మోనాక్సైడు ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడుగా మారుతుండగా వారు ప్రవాహాన్ని నమోదు చేశారు. మోటారు వాహనాల పొగగొట్టంలోని ఉత్ప్రేరకంపై జరిగేదీ ఈ చర్యే. ఇందులో చురుకైన ఎలక్ట్రాన్ల వంతు ఎంత, చర్య వేడికి పరికరమే వెచ్చబడి పుట్టిన ప్రవాహమెంత అని ఇతరులు ఆక్షేపించారు. ఆక్షేపణ సబబైనదే. చర్య లేకుండా పరికరాన్ని అదే ఉష్ణోగ్రతకు వెచ్చజేసి, అప్పటి ప్రవాహాన్ని మొత్తంలోనుండి తీసివేయడం ఒక సమాధానం.

ద్రవంలో తేలే పల్లాడియం పొడికి ఈ పరికరం సరిపోదు. రియాక్టరు వద్ద నిలిచినవానికి ఉష్ణమాపకమూ, పీడనమాపకమే ఆధారం. కాని ఉష్ణమాపకం వేడి ద్రవమంతటా వ్యాపించిన పిమ్మటనే పలుకుతుందనీ, అసలు సంఘటన అంతకుముందే తలంపై ముగిసిందనీ తెలిసినవాడు ముల్లు కదలిక కోసం వేచి ఉండక, హైడ్రోజన్‌ను మెల్లగా పంపుతాడు.

ఆసక్తి గల విద్యార్థులు మన ప్రయోగశాలలోనే ఒక షాట్కీ డయోడును తిరోబయాస్‌లో కలిపి, వేడినీటి గిన్నె చెంతకు తీసుకొనిపోయి మైక్రో అమ్మీటరును గమనించవచ్చును. ముల్లు పైకి పాకుతుంది. బర్క్లీ శాస్త్రజ్ఞులను వేధించిన చిక్కు అదే.