మంచం మళ్ళీ గిర్రున తిరగకుండా

పక్క మీద ఒత్తిగిలితే చాలు, గదంతా గిర్రున తిరిగి నిమిషంలోపే సర్దుకుంటుంది. లోపలి చెవిలోని సన్నటి కాల్షియం రేణువులు చోటు తప్పి పక్కనున్న నాళాల్లోకి జారితే వచ్చే తలతిరుగుడు ఇది. డాక్టర్లు బీపీపీవీ అంటారు. ఎప్లీ పద్ధతిలో తలను వరసగా తిప్పి రేణువుల్ని వెనక్కి పంపితే చాలామందికి ఒకటి రెండు సార్లలోనే తగ్గుతుంది. అయితే ఐదేళ్ళలో దాదాపు సగం మందికి తిరగబెడుతుంది. అది వైద్యం చేసినవాళ్ళ తప్పు కాదు, మీ తప్పూ కాదు. మన చేతిలో ఉన్నవి మాత్రం కొన్ని ఉన్నాయి.

1. విటమిన్ డి పరీక్ష చేయించుకోండి. అన్నిటికన్నా ముందు ఇదే. ఆ రేణువులు కాల్షియంతో తయారైనవి కాబట్టి డి లోపం ఉన్నవాళ్ళలో జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తుంటుంది. 2020లో వెలువడిన కొరియా పరిశోధనలో, రక్తంలో డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల లోపున్నవాళ్ళకు రోజుకు రెండుసార్లు 400 యూనిట్ల డి, 500 మిల్లీగ్రాముల కాల్షియం ఏడాదిపాటు ఇచ్చారు. తిరగబెట్టడం సుమారు నాలుగో వంతు తగ్గింది. ఇంత ఎండ ఉన్న మన దగ్గరా డి లోపం చాలా మామూలే. అలాగని 60 వేల యూనిట్ల మాత్రలు మీ అంతట మీరు నెలల తరబడి వాడకండి. ఎక్కువైతే కిడ్నీలకు ముప్పు.

2. నెలసరి ఆగిన ఆడవాళ్ళు ఎముకల బలం కూడా చూపించుకోవాలి. ఎముకలు గుల్లబారినవాళ్ళకు ఈ బాధ ఎక్కువ.

3. ఏ వైపు తిరిగితే వచ్చిందో రాసిపెట్టుకోండి. "ఎడమ వైపు ఒత్తిగిలితే, తెల్లవారుజామున, అర నిమిషం" అన్న ఒక్క ముక్క చాలు, ఈసారి డాక్టరు పని సగం తేలికవుతుంది. ఇంట్లో ఎప్లీ చేసుకోవచ్చు గానీ ఒకసారి దగ్గరుండి నేర్పించుకున్నాకే. వైపు తప్పితే ఫలితం ఉండదు.

4. తలకు దెబ్బ తగలనివ్వకండి. హెల్మెట్ తప్పనిసరి. మంగలి షాపులో తల మీద చరిచి, మెడ విరిపించుకునే అలవాటు మానేయడమే మంచిది.

5. మైగ్రేన్, షుగర్, బీపీ ఉంటే అదుపులో పెట్టుకోండి. ఇవి ఉన్నవాళ్ళలో తిరగబెట్టడం ఎక్కువని తేలింది.

6. ఎప్లీ చేశాక రాత్రంతా కూర్చునే నిద్రపోవాలన్నది పాత మాట. 2017 నాటి అమెరికా వైద్య మార్గదర్శకాలు అలాంటి పథ్యం అక్కర్లేదన్నాయి. భయంతో రోజుల తరబడి మంచం దిగకపోవడమే చెరుపు.

7. తలతిరుగుడు మాత్రలు నెలల తరబడి మింగకండి. అవి మత్తునిస్తాయే గానీ రేణువుల్ని కదపలేవు. పైత్యమని అల్లం రసం తాగి ఊరుకున్నా అంతే.

8. పెద్దవాళ్ళు లేవగానే నిలబడకుండా మంచం అంచున కాసేపు కూర్చోవాలి. బాత్రూమ్ దారిలో రాత్రి చిన్న లైటు వెలగనివ్వండి. ఈ జబ్బుతో ప్రాణం పోదు గానీ, పడి తుంటి విరిగితే కష్టం. అటక మీది సామాను పిల్లల చేత దింపించండి.

9. మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఓ పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, నడక కుదరకపోయినా, ఉన్నట్టుండి చెవి వినబడకపోయినా అది పాత తలతిరుగుడే అనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.