పూసల నగలకు తగిన హెడ్ పిన్నులు

ఈ సంచికకు వ్యాపార విషయమైన పాఠమొకటి వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు కోరినారు. బంగారము, వడ్డీ లెక్కలు, పన్నులు మొదలగు పెద్ద విషయములను వ్రాయదగిన అనుభవజ్ఞులు మనలో ఎందరో కలరు. నేను మా అంగడిలో చిన్న డబ్బాలలో పోసి అమ్ము వస్తువును గూర్చి వ్రాయుచున్నాను. అది హెడ్ పిన్ను. చేతితో కట్టు పూసల నగలలో ఇంతకంటె చౌక సామాను లేదు. కాని అమ్మిన నగ తిరిగివచ్చినప్పుడు విప్పి చూడుడు, తప్పు పూసలో గాక పిన్నులోనే తరచుగా కనబడును.

తెలియనివారి కొరకు ముందు రెండు మాటలు. గుండుసూదిని అందరు ఎరుగుదురు. దాని మొన తీసివేసి, తీగను వంగునంత మెత్తన చేసినచో హెడ్ పిన్ను అగును. ఒక కొన తల, రెండవ కొన బోడి. బోడి కొననుండి పూస ఎక్కించిన, తల అడ్డుపడి పూస జారదు. పైన మిగిలిన తీగను గుండ్రమూతి పట్టకారుతో వంచి, కొలికి చేసి, కమ్మకో గొలుసుకో తగిలింతురు. తలకు బదులు కన్నువంటి కొలికి ఉన్నది ఐ పిన్ను. ఒక పూస క్రింద మరియొక పూస వ్రేలాడవలెనన్న ఐ పిన్ను కావలయును. అన్నిటికంటె అడుగున ఉండు పూసకు హెడ్ పిన్ను కావలయును.

పేరు క్రొత్తదే గాని పని క్రొత్తది కాదు. మన తెలుగువారి గుత్తపూసల హారమును చూడుడు. అంచున గుత్తులుగా వ్రేలాడు చిన్న ముత్యములు సన్నని బంగారు తీగతోనే గదా నిలుచుట! బుట్టకమ్మల అంచున ఊగు ముత్యముల సంగతియు అంతే. కంసాలి కమ్మచ్చున తీగ లాగి, తన చేతితో చేసుకొను పనిని నేడు యంత్రము గ్రోసుల లెక్కన చేసి ఇచ్చుచున్నది. 1776లో ఆడం స్మిత్ అను స్కాట్లండు పండితుడు అర్థశాస్త్ర గ్రంథము వ్రాయుచు, శ్రమ విభాగమునకు మొట్టమొదటి ఉదాహరణగా గుండుసూది పనినే ఎత్తుకొనెను. పదిమంది పని పంచుకొని దినమునకు 48,000 సూదులు చేయగలరని ఆయన లెక్క. అందులో తల చేయుట ఒక పని, దానిని తీగకు అతుకుట వేరొక పని. తల అంత ముఖ్యమైనది.

ఇక ఎంపిక. కొనువారు సాధారణముగా ముందు రంగు అడుగుదురు, పిదప వెల అడుగుదురు. అడుగవలసిన మొదటి ప్రశ్న అది కాదు. పూస రంధ్రమెంత? ముత్యములకు రంధ్రము మిక్కిలి సన్నము. నదీజలపు ముత్యములలో 0.7 మి.మీ. గాని, అంతకంటె తక్కువ గాని ఉండుట సామాన్యము. గాజు పూసలకు 1 మి.మీ. వరకు ఉండును. మట్టి పూసలకు, కొయ్య పూసలకు 2 మి.మీ. ఉన్నను ఆశ్చర్యము లేదు. కావున పిన్నులు కొనుటకు పోవువారు మూడు నాలుగు పూసలను పొట్లము కట్టి వెంట తీసికొనిపోవలెను. ఒక్కటి చాలదు. ఒకే దండలోని ముత్యములకే రంధ్రములు సరిసమానముగా ఉండవు.

ఇచ్చట గేజి అను చిక్కు కలదు. దీనిని గూర్చి కొంచెము నిదానముగా చెప్పవలెను, ఏలయన తెలిసిన వర్తకులు కూడ ఇందులో తడబడుదురు. గేజి అంకె పెరిగిన కొలది తీగ సన్నమగును. అది అందరికి తెలియును. కాని గేజులు రెండు విధములు. మన దేశములో తీగల వ్యాపారము చిరకాలముగా బ్రిటిషు గేజిని అనుసరించినది. నగల సామానులో అమెరికా గేజి కూడ చలామణి అగుచున్నది. 22 గేజి అనిన బ్రిటిషు లెక్కలో 0.71 మి.మీ., అమెరికా లెక్కలో 0.64 మి.మీ. అదే విధముగా 24 గేజి ఒకచోట 0.56, మరియొకచోట 0.51. ఈ తేడా వెండ్రుకవాసియే కదా అందురేమో! 0.7 మి.మీ. రంధ్రము గల ముత్యములో అమెరికా 22 సులువుగా దూరును; బ్రిటిషు 22 దూరదు. బలవంతము చేసిన ముత్యము అంచు పెట్లును. పెట్లిన ముత్యమును ఎవరు కొందురు? కావున అంగడిలో గేజి మాట విడిచి మిల్లీమీటర్లలో అడుగుడు. 0.5, 0.6, 0.7, 0.8 అని చెప్పి అమ్మువారు ఇప్పుడు కలరు. పొట్లము మీద అంకె లేకున్న కొలిచి చూపుమనుడు.

ముత్యమునకు 0.5, సామాన్యపు గాజు పూసకు 0.6 లేక 0.7, బరువైన రాతి పూసకు 0.8 అని నా వాడుక. బరువును కూడ లెక్కించవలెను సుమా. 12 మి.మీ. గాజు గుండు రెండు గ్రాములకు పైచిలుకు తూగును. అదే కొలత ప్లాస్టిక్ గుండు ఒక గ్రాము మాత్రమే. చూపునకు రెండును ఒక్కటే. ప్లాస్టిక్‌ను మోసిన పిన్ను గాజును మోయలేక, వారము దినములలో కొలికి విచ్చుకొనును. బరువు పూసలకు కొలికి ఊరక వంచిన చాలదు. మిగులు తీగను కొలికి మెడచుట్టు రెండు మూడు చుట్లు చుట్టవలెను.

దీనినిబట్టియే పొడవు. మామూలు కొలికికి పూసపైన 10 మి.మీ. తీగ చాలును. చుట్లు చుట్టు కొలికికి 30 నుండి 38 మి.మీ. కావలయును. 8 మి.మీ. పూస, దానిపై 2 మి.మీ. చిన్న పూస, కొలికికి 10, మొత్తము 20 మి.మీ. దీనికి ఒక అంగుళము పిన్ను, అనగా 25 మి.మీ. సరిపోవును. రెండంగుళముల పిన్ను కొని కత్తిరించువారు పిన్ను ఒకంటికి మరి 25 మి.మీ. వృథా చేయుదురు. ఒక గ్రోసునకు 144 చొప్పున అది 3.6 మీటర్ల తీగ. ఇత్తడియైన పోనిమ్మనవచ్చును, వెండియైన అట్లనగలమా?

తూకముతో కొనువారికి మరియొక లెక్క. 0.7 మి.మీ. మందము, 50 మి.మీ. పొడవు గల ఇత్తడి పిన్నులు 100 గ్రాములకు సుమారు 600 వచ్చును. 0.5 మి.మీ. వైన దాదాపు రెట్టింపు, 1,200. అందుచేత రెండు అంగళ్ల వెలలు పోల్చునప్పుడు తూకపు వెల చూచిన చాలదు, ఎన్ని వచ్చునో అడుగవలెను.

తలల సంగతి త్వరగా ముగింతును. చదును తల, బంతి తల, పువ్వు తల అని కలవు. చదును తల పూస అడుగున అణగిపోవును, కనబడదు. బంతి తల చిన్న గుండువలె కనబడి అందమిచ్చును. ఏ తలయైనను రంధ్రముకంటె వెడల్పు ఉండవలెను. మట్టి పూసకు రంధ్రము పెద్దదని లావు పిన్ను వెదకువారు కలరు. అది అనవసరము. తలకును పూసకును నడుమ ఒక చిన్న గింజపూసయో, టోపీయో వేసిన సరి.

లోహమును గూర్చి మాత్రము త్వరపడలేను. మా ఊరిలో కొందరు ఆడవారు ఇంటియొద్ద పూసల కమ్మలు కట్టి పావగడ, మడకశిర వైపు అంగళ్లకు పంపుదురు. మా ప్రాంతము వానలు తక్కువైన సీమ. ఇంటిలో కూర్చుండి సంపాదించు నాలుగు రూకలు అక్కడ పిల్లల బడి ఖర్చునకు ఆధారము. వారిలో ఒకామె ఆరు డజన్ల జతలు, అనగా సరిగ్గా ఒక గ్రోసు పిన్నుల పని, ఒకేసారి తిరిగి పొందినది. పెట్టుకొన్నవారికి చెవులు దురద పెట్టి పొక్కినవట. కొన్నిటికి పిన్ను త్రుప్పు పట్టి, తెల్లని పూస అడుగున ఎర్రని మరక దిగినది. ఆమె పట్టణములో ఒక అంగడిలో ఇత్తడి అని చెప్పగా నమ్మి కొన్న పిన్నులవి. మా అంగడికి తెచ్చి చూపగా అయస్కాంతము పెట్టితిని. గుప్పెడు పిన్నులు ఎగిరి అంటుకొన్నవి. లోన ఇనుము, పైన బంగారు రంగు పూత. పూసలు బాగున్నవి, పనితనము బాగున్నది, రెండు వారముల శ్రమ. పోయినది ఆ పిన్నుల వలన. "అన్నా, పూసలైనను విప్పుకొందునా?" అని ఆమె అడిగినది. విప్పి, కడిగి, మరక పడనివాటిని వేరు చేయుటకే మరి నాలుగు దినములు పట్టినది.

అయస్కాంతము చిన్నది ఒకటి సంచిలో ఉంచుకొనుడు. ఇనుమును పట్టును, ఇత్తడిని రాగిని వెండిని పట్టదు. ఇనుప పిన్నులు అసలు పనికిరావని కాదు. తలుపు తోరణమునకు, బొమ్మల కొలువు అలంకారమునకు చాలును. చెవికి తగులు నగకు వానిని అమ్మరాదని నా అభిప్రాయము.

దురదకు కారణము పెక్కుసార్లు నికెల్. వెలుగు నిచ్చుటకు ఇత్తడిపైన, ఇనుముపైన నికెల్ పూత వేయుదురు. కొందరి చర్మమునకు అది సరిపడదు. చెమట పోయు ఎండకాలములో మరియు ఎక్కువ. ఐరోపా దేశములవారు 1994లోనే ఒడలికి తగులు నగలనుండి వెలువడు నికెల్‌కు చట్టముచేత హద్దు పెట్టినారు. పరదేశములకు సరకు పంపదలచిన మన పిల్లలు దీనిని గుర్తుంచుకొనవలెను. జర్మన్ సిల్వర్ అను పేరు విని వెండి అని భ్రమపడువారు ఇంకను కలరు. అందులో వెండి రవ్వంతయు లేదు. రాగి, జింకు, నికెల్‌ల మిశ్రమమది. పూజా పళ్లెమునకు దోషము లేదు, చెవికి యోచింపవలెను. స్టెర్లింగ్ వెండి అనిన వేయింట 925 పాళ్లు వెండి, తక్కినది సామాన్యముగా రాగి. అది కాలక్రమమున నల్లబడును గాని తుడిచిన తెల్లబడును, త్రుప్పు పట్టదు.

మన తత్త్వార్థ సూత్రములో అచౌర్య వ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో హెచ్చుతగ్గుల తూకము, కొలత ఒకటి. ఒక వస్తువును మరియొకటిగా చూపి అమ్ము ప్రతిరూపక వ్యవహారము వేరొకటి. వానిని బంగారు అంగడివారికి మాత్రమే చెప్పినారని ఎవరును అనుకొనరు. పూత ఇనుమును ఇత్తడి అని పొట్లము కట్టుట అందులోనిదే, పొట్లము వెల ఎంత అల్పమైనను. మా డబ్బాలపై ఇనుము, ఇత్తడి, వెండి అని పెద్ద అక్షరములతో చీట్లు అంటించియుంచితిమి. అడుగనివారికి కూడ చదువుకొనుటకు అనుకూలము.

మెత్తదనము పరీక్షించుటకు ఒక పిన్నును వంచి, తిన్నగా చేసి, మరల వంచుడు. ఇత్తడి వంచిన కొలది బిరుసెక్కును. నాలుగైదు మార్లకు విరిగిన తప్పు లేదు; మొదటిమారే పెటుక్కుమనిన ఆ సరకు వలదు. మరీ మెత్తనై దారమువలె వంగినను కొలికి నిలువదు. పూత పరీక్షకు ఉప్పునీటిలో తడిపిన గుడ్డలో నాలుగు పిన్నులు చుట్టి రాత్రి ఉంచుడు. తెల్లవారునప్పటికి పచ్చని చిలుమో, ఎర్రని త్రుప్పో కనబడిన పూత పలుచనిదని తెలియును. ఈ పరీక్ష పిన్నుకు మాత్రమే, ముత్యము ఎక్కించిన పిదప చేయరాదు. నిమ్మరసము వంటి పులుపు అసలు తగులనీయరాదు. ముత్యము సున్నపు జాతిది, పులుపునకు కరగును.

సరకు కొరకు మేము మధుగిరి మీదుగా బెంగళూరు చిక్కపేటకు పోవుదుము. ముత్యములకైతే హైదరాబాదు పత్తర్‌గట్టి. పార్సిలు తెప్పించుకొనువారికి ఒక మాట: మా ఊరి పేరు వ్రాసిన చాలదు. హాసన జిల్లాలో పెద్ద రైలు జంక్షన్ గల అరసికెరె వేరు, పావగడ తాలూకా మా అరసికెరె వేరు. ఒకసారి మా పిన్నుల పెట్టె అచ్చటికి పోయి, పండుగ ముగిసిన పిదప మాకు చేరినది. తాలూకా, జిల్లా, పిన్ కోడ్ తప్పక వ్రాయించుడు. పిన్నులకే పిన్ కోడ్ కావలసివచ్చెనని మావాళ్లు నవ్వినారు.

వెండి పిన్నులు అంగడిలో కొనుటకంటె తెలిసిన కంసాలిచేత చేయించుట మేలని నేను చెప్పుదును. మేలిమి వెండి తీగ కొనను ఊదుగొట్టపు మంటలో పట్టిన, అది తనంతట కరగి గుండ్రని బంతియై నిలుచును. అదియే తల. 0.5 మి.మీ. తీగకు 1.5 మి.మీ. బంతి రావలెనన్న 9 మి.మీ. తీగ కరగవలెను. కావున 50 మి.మీ. పిన్నుకు 59 మి.మీ. తీగ కత్తిరింపవలెను. 10 గ్రాముల వెండికి ఇట్టివి 80కి పైచిలుకు వచ్చును. స్టెర్లింగ్ వెండియైన బంతి నల్లబడును, తరువాత తెల్లబరచవలెను. మేలిమి తీగ మెత్తన గనుక బరువు పూసలకు వాడరాదు, ముత్యములకు సరిగా సరిపోవును. ఇత్తడి తీగను మాత్రము ఇంటి పొయ్యిమీద ఇట్లు చేయబూనరాదు. అందులోని జింకు పొగయై లేచును, అది ఊపిరికి చెరుపు. తల కూడ కుదురుగా రాదు.