పాఠం 9 : రాతినార – ఆస్‌బెస్టాస్

ఉద్దేశాలు
ఈ పాఠం చదివిన తరువాత మీరు
• రాతినార ఎలా ఏర్పడుతుందో వివరించగలుగుతారు;
• ఆస్‌బెస్టాస్ అనే పేరుకు అర్థం చెప్పగలుగుతారు;
• దాని దుమ్ము వల్ల కలిగే హానిని గుర్తించగలుగుతారు.

9.1 రాయిలో నార
గోగునార, కొబ్బరిపీచు మీకు తెలుసు. అవి మొక్కల నుంచి వస్తాయి. రాయి నుంచి వచ్చే నారే ఆస్‌బెస్టాస్. ఇది ఒకే ఖనిజం కాదు. పోగులుగా విడిపోయే ఆరు సిలికేట్ ఖనిజాల ఉమ్మడి పేరు. వీటిలో ఎక్కువగా వాడినది క్రైసోటైల్, అంటే తెల్ల రాతినార.

కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రైసోటైల్ ఉంది. అక్కడి డోలమైట్ రాతిలో మెగ్నీషియం ఉంటుంది. పూర్వం ఆ రాతిపొరల మధ్యకు భూగర్భం నుంచి శిలాద్రవం చొచ్చుకువచ్చింది. ఆ వేడికి, వేడినీటి ప్రభావానికి డోలమైట్ కొంతమేర సర్పెంటైన్ అనే ఖనిజంగా మారింది. దాని పగుళ్ళలో పట్టువంటి పోగులు ఏర్పడ్డాయి.

9.2 పేరు ఎలా వచ్చింది?
ఆస్‌బెస్టాస్ గ్రీకు మాట. 'ఆర్పడానికి వీలుకానిది' అని అర్థం. మొదటి అక్షరం 'కాదు' అనే అర్థాన్నిస్తుంది. మన 'అశాంతి', 'అసాధ్యం' అనే మాటల్లోని 'అ' ఇటువంటిదే.

ప్రాచీన గ్రీకులు ఈ మాటను కాల్చిన సున్నానికి వాడేవారు. అటువంటి సున్నంపై నీళ్ళు పోస్తే చల్లారదు, ఇంకా ఉడుకుతుంది. రాతినారను వారు 'అమియాంటోస్' అన్నారు. అంటే అమలినం, మాయనిది. ఈ నారతో నేసిన గుడ్డను నిప్పులో వేస్తే మురికి కాలిపోయి, గుడ్డ శుభ్రంగా మిగిలేది. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఇటువంటి గుడ్డను 'ఆస్‌బెస్టినాన్' అని పేర్కొన్నాడు. చివరకు, మండని ఈ రాయికి 'ఆరనిది' అనే పేరు స్థిరపడింది.

9.3 మేలు చేసిన గుణమే కీడు
రాతినార సులభంగా నశించదు. అందుకే దానిని ఇంటికప్పు రేకుల్లో, పైపుల్లో, బ్రేకుల్లో వాడారు. కంటికి కనిపించని దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే శరీరం వాటిని తేలికగా వదిలించుకోలేదు. ఆస్‌బెస్టోసిస్, క్యాన్సర్ వంటి జబ్బులు రావచ్చు. ఇవి తరచు ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత బయటపడతాయి. అందువల్లనే 1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమల కార్మికుల ఆరోగ్య రికార్డును, పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్ళు లేదా పని మానిన తరువాత 15 ఏళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకు ఉంచాలని ఆదేశించింది.

గుర్తుంచుకోండి : పాత ఆస్‌బెస్టాస్ రేకులను కోయవద్దు, పగలగొట్టవద్దు. దుమ్మును పొడిగా ఊడ్చవద్దు, ముందుగా తడపండి.

పాఠంలోని ప్రశ్నలు
1. 'అమియాంటోస్' అంటే ఏమిటి?
2. కార్మికుల ఆరోగ్య రికార్డును అన్ని ఏళ్ళు ఎందుకు ఉంచాలి?

జవాబులు
1. మాయనిది.
2. జబ్బు చాలా ఏళ్ళ తరువాత బయటపడవచ్చు కాబట్టి.