బ్యాచ్ ఫైలు ఎక్కడ ఆగింది? – 'కాల్' ఆజ్ఞ, ఫైలు దారులు, తప్పు వెతికే పద్ధతి



కంప్యూటర్ అనగానే మౌస్ పట్టుకొని బొమ్మల మీద నొక్కడమే మనకు ముందుగా గుర్తుకు వస్తుంది. కానీ రోజూ చేసే పనిని ఒక చిన్న ఫైలులో వరుసగా రాసిపెట్టి, ఒక్కసారి నొక్కితే అదంతా జరిగేలా చేసుకోవచ్చు. దానినే బ్యాచ్ ఫైలు అంటారు. 1980ల నాటి డాస్ కాలం నుంచి ఇది ఉంది. 2006లో పవర్‌షెల్ వచ్చినా, నేటి విండోస్ 11లో కూడా బ్యాచ్ ఫైలు నడుస్తుంది. ఖర్చు లేదు, వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, నోట్‌ప్యాడ్ చాలు. అందుకే మనలాంటి వాళ్లకు ప్రోగ్రామింగ్‌లో మొదటి మెట్టుగా ఇది బాగా పనికొస్తుంది.

మేము మా ఇళ్లలో డిగ్రీ దాటిన మొదటివాళ్లం. తెర మీద ఇంగ్లిషులో ఎర్రర్ కనబడితే ఇంటికి వెళ్లి అడగడానికి ఎవరూ లేరు. కాబట్టి ఆ ఎర్రర్లను చదివి, తప్పును మనంతట మనమే వెతికే పద్ధతిని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

ఒక మనవి: అచ్చు సౌలభ్యం కోసం ఆజ్ఞలను, ఫోల్డర్ల పేర్లను తెలుగు లిపిలో రాశాం. కీబోర్డు మీద ఇంగ్లిషు అక్షరాలే కొట్టాలి. నల్ల తెర మీద 'హెల్ప్' అని కొడితే ఆజ్ఞల స్పెల్లింగులన్నీ జాబితాగా వస్తాయి.

ఉదాహరణ

హాస్టల్ కంప్యూటర్‌లో 'మార్కులు', 'కుల ధ్రువపత్రాలు' అని రెండు ఫోల్డర్లు ఉన్నాయనుకుందాం. రోజూ సాయంత్రం వాటి నకలు పెన్‌డ్రైవ్‌లోకి పోవాలి. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు రేపనగా హార్డ్ డిస్క్ పాడైతే, ఆ పెన్‌డ్రైవే దిక్కు. స్క్రిప్టు ఇలా ఉంటుంది:

1. @ఎకో ఆఫ్
2. సెట్ "గమ్యం=ఈ:\నకలు"
3. కాల్ :నకలుచేయి "మార్కులు"
4. కాల్ :నకలుచేయి "కుల ధ్రువపత్రాలు"
5. ఎకో పని పూర్తయింది
6. ఎగ్జిట్ /బి
7. :నకలుచేయి
8. ఎక్స్‌కాపీ "%~డీపీ0%~1" "%గమ్యం%\%~1" /ఎస్ /ఐ /వై
9. ఎగ్జిట్ /బి

7 నుంచి 9 వరకు ఉన్న భాగం సబ్‌రొటీన్. ఒకే పనిని రెండుసార్లు రాయకుండా, రెండుసార్లు పిలుస్తున్నాం.

'కాల్' దగ్గర వచ్చే తప్పులు

కాల్ అంటే తమ్ముణ్ణి కిరాణా కొట్టుకు పంపి, వాడు తిరిగి వచ్చేదాకా ఆగి, మళ్లీ మన పని అందుకోవడం. గోటు అంటే మనమే లేచి వెళ్లిపోవడం. ఈ తేడా మనసులో ఉంటే సగం తప్పులు దొరికినట్టే.

మొదటి తప్పు: చుక్కల గుర్తు మరచిపోవడం. సబ్‌రొటీన్ పేరుకు ముందు కోలన్ (:) తప్పనిసరి. అది లేకపోతే కంప్యూటర్ ఆ పేరుతో వేరే ప్రోగ్రాం ఉందేమోనని వెతుకుతుంది. దొరకదు కాబట్టి 'ఇది నాకు తెలిసిన ఆజ్ఞ కాదు, ప్రోగ్రామూ కాదు, బ్యాచ్ ఫైలూ కాదు' అనే అర్థం వచ్చే సందేశం ఇస్తుంది. కోలన్ ఉండి పేరులో అక్షరం తేడా వస్తే సందేశం వేరు: 'చెప్పిన బ్యాచ్ లేబుల్ కనబడలేదు' అంటుంది. ఈ రెండు సందేశాలను విడివిడిగా గుర్తుపెట్టుకుంటే తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది.

రెండవ తప్పు: 6వ వరుస లేకపోవడం. బ్యాచ్ ఫైలు పైనుంచి కిందికి నడుస్తూనే ఉంటుంది. 'ఎగ్జిట్ /బి' అని ఆపకపోతే, పని పూర్తయిందని చెప్పాక కూడా కిందికి జారి సబ్‌రొటీన్‌లో పడుతుంది. ఈసారి ఎవరూ పిలవలేదు కాబట్టి %1 ఖాళీగా ఉంటుంది. ఏ ఫోల్డరు అన్నదానికి జవాబు లేకుండానే నకలు ఆజ్ఞ నడుస్తుంది. 'ఎందుకు ఒకసారి ఎక్కువ నడిచింది?' అనే సందేహం వస్తే ముందు చూడవలసింది ఇదే.

మూడవ తప్పు: '/బి' లేకుండా ఉత్త 'ఎగ్జిట్' రాయడం. అప్పుడు సబ్‌రొటీన్ నుంచి తిరిగి రావడం కాదు, నల్ల తెరే మూతపడుతుంది. ఏం జరిగిందో చదివే వీలు కూడా ఉండదు.

నాలుగవ తప్పు: ఒక బ్యాచ్ ఫైలు నుంచి మరో బ్యాచ్ ఫైలును కాల్ లేకుండా పిలవడం. రెండవది నడుస్తుంది కానీ మొదటిదానికి తిరిగి రాదు. మిగిలిన వరుసలు ఎర్రర్ కూడా లేకుండా మాయమవుతాయి.

ఫైలు దారుల దగ్గర వచ్చే తప్పులు

'పుస్తకం పక్క గదిలో ఉంది' అంటే, మనం ఏ గదిలో నిలబడ్డామో తెలిస్తేనే అర్థం. పూర్తి చిరునామా చెబితే ఎక్కడి నుంచైనా వెళ్లవచ్చు. ఫైలు దారులూ అంతే. ఉత్త 'మార్కులు' అని రాస్తే, ఆ క్షణంలో కంప్యూటర్ నిలబడిన ఫోల్డరులోనే వెతుకుతుంది. బ్యాచ్ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే మామూలుగా అది ఉన్న ఫోల్డరులోనే నిలబడుతుంది. కానీ అడ్మినిస్ట్రేటర్‌గా నడిపినా, టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలినా, విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డరులో నిలబడుతుంది. 'చేత్తో నొక్కితే పనిచేస్తుంది, దానంతటది నడిస్తే పనిచేయదు' అన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

దీనికి మందు '%~డీపీ0'. అంటే ఈ బ్యాచ్ ఫైలు ఉన్న డ్రైవు, దారి. దీని చివర వెనక గీత (\) ముందే ఉంటుంది కాబట్టి 8వ వరుసలో మళ్లీ గీత పెట్టలేదు. సబ్‌రొటీన్ లోపల కూడా ఇది బ్యాచ్ ఫైలు చిరునామానే ఇస్తుంది. ఉత్త %0 మాత్రం సబ్‌రొటీన్ లోపల లేబుల్ పేరు ఇస్తుంది. ఈ రెంటినీ కలగలపకూడదు.

తర్వాతది ఖాళీ జాగా. 'కుల ధ్రువపత్రాలు' అనే పేరులో ఖాళీ ఉంది. కోట్స్ లేకుండా పంపితే %1లో 'కుల', %2లో 'ధ్రువపత్రాలు' పడతాయి. అందుకే పంపేటప్పుడు కోట్స్ పెట్టాలి. లోపల '%~1' అని రాస్తే ఆ కోట్స్ ఊడతాయి, మొత్తం దారి చుట్టూ మనం మళ్లీ పెట్టుకోవాలి. విండోస్ ఎక్స్.పి.లో వాడుకరి ఫైళ్లు ఉండే 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' ఫోల్డరు పేరులోనే రెండు ఖాళీలు ఉండేవి.

'సెట్' ఆజ్ఞలో సమాన గుర్తుకు ముందు ఖాళీ వదిలితే, ఆ ఖాళీ కూడా పేరులో కలిసిపోతుంది. తర్వాత '%గమ్యం%' అని పిలిస్తే ఆ పేరు దొరకదు.

మరో వింత తప్పు: దారిని దాచుకోవడానికి పెట్టే పేరు 'పాత్' అని ఎంచుకోవడం. ఆ పేరు విండోస్ తన ప్రోగ్రాములను వెతుక్కోవడానికి వాడుకుంటుంది. దానిని మనం మారిస్తే 'కాపీ' పనిచేస్తుంది, ఎందుకంటే అది నల్ల తెరలోనే ఇమిడి ఉన్న ఆజ్ఞ. 'ఎక్స్‌కాపీ' వేరే ఫైలు కాబట్టి, అది దొరకడం లేదంటుంది.

'సీడీ'తో డ్రైవు మారాలంటే '/డి' చేర్చాలి. లేకపోతే సి డ్రైవులో ఉన్నవాళ్లం సి లోనే ఉంటాం. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. పాత నకళ్ల ఫోల్డరులోకి వెళ్లి అన్నీ చెరిపేయమని 'డెల్' రాశామనుకోండి. 'సీడీ' విఫలమైతే స్క్రిప్టు ఆగదు. నిలబడిన చోటే ఉండి, అక్కడి ఫైళ్లనే చెరిపేస్తుంది. డెల్ చెరిపినవి రీసైకిల్ బిన్‌కు కూడా పోవు. ఒక విద్యార్థి ధ్రువపత్రాలు అలా పోతే, మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగవలసింది కూలి మానుకొని వచ్చే అతని తండ్రే. అందుకే 'సీడీ' వరుస చివర '|| ఎగ్జిట్ /బి 1' అని తప్పక చేర్చాలి. వెళ్లలేకపోతే అక్కడే ఆగిపో అని దాని అర్థం.

'పూర్తయింది' అంటే నిజంగా పూర్తయిందా?

మన ఉదాహరణలో 5వ వరుసను మళ్లీ చూడండి. పెన్‌డ్రైవ్ పెట్టకపోయినా, దాని అక్షరం ఈ నుంచి ఎఫ్‌కు మారినా, 'పని పూర్తయింది' అనే వస్తుంది. స్క్రిప్టు అబద్ధం చెప్పడం లేదు, మనం అడగలేదు అంతే. చాలా ఆజ్ఞలు తమ ఫలితాన్ని 'ఎర్రర్‌లెవెల్' అనే అంకెలో వదులుతాయి. ఎక్స్‌కాపీకి 0 అంటే విజయం. కాబట్టి 3, 4 వరుసల తర్వాత ఒక్కోసారి 'ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 గోటు :విఫలం' అని చేర్చి, ఫైలు చివర ':విఫలం' అనే లేబుల్ కింద 'నకలు కాలేదు' అని రాయాలి. ఇందులో 1 అంటే 'ఒకటి లేదా అంతకంటే ఎక్కువ' అని గమనించగలరు. రోబోకాపీ వాడేవారికి లెక్క వేరు: దానికి 8, ఆపై అంకెలే వైఫల్యం.

వెతికే క్రమం

తప్పు వచ్చినప్పుడు కంగారుపడి అన్నీ ఒకేసారి మార్చకూడదు. ఈ వరుసలో వెళ్లండి.

1. డబుల్ క్లిక్ మానండి. నల్ల తెర తెరిచి, అందులో నుంచి ఫైలును నడపండి. సందేశం తెర మీదే నిలుస్తుంది.
2. మొదటి వరుస ముందు 'రెమ్' చేర్చండి. ప్రతి ఆజ్ఞ నడిచేముందు తెర మీద కనబడుతుంది.
3. సబ్‌రొటీన్ మొదట్లో 'ఎకో [%~1]' రాయండి. బ్రాకెట్ల మధ్య ఖాళీ వస్తే విలువ రాలేదని అర్థం.
4. 'ఎకో %సీడీ%' రాసి ఎక్కడ నిలబడ్డామో చూడండి.
5. 'ఇఫ్ ఎగ్జిస్ట్' తో దారి నిజంగా ఉందో లేదో అడగండి.
6. డెల్ ఉన్న వరుస ముందు తాత్కాలికంగా 'ఎకో' పెట్టండి. ఏం చెరపబోతోందో చూపుతుంది, చెరపదు.
7. ఒక్క మార్పు చేసి ఒకసారి నడపండి. ఫలితం చూశాకే రెండవ మార్పు.

నోట్‌ప్యాడ్‌లో దాచేటప్పుడు ఫైలు పేరు చివర తెలియకుండా 'టెక్స్ట్' తోక చేరుతుంది. ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టుకుంటే అది బయటపడుతుంది. బ్యాచ్ ఫైళ్లలో వాడే ఫోల్డర్లకు ఇంగ్లిషు పేర్లే పెట్టడం క్షేమం. తెలుగు పేర్లున్న స్క్రిప్టును ఆన్సీ పద్ధతిలో దాచితే అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

అభ్యాసం

ల్యాబ్‌లో మీ వంతు వచ్చినప్పుడు పై స్క్రిప్టును కొట్టి, పనికిరాని రెండు ఫోల్డర్లతో నడపండి. తర్వాత కావాలనే ఒక్కొక్కటి చెడగొట్టండి: కోలన్ తీసేయండి, 6వ వరుస తీసేయండి, కోట్స్ తీసేయండి. ప్రతిసారీ వచ్చిన సందేశాన్ని నోటుబుక్కులో రాసుకొని, పక్కన కారణం తెలుగులో రాయండి. పది సందేశాలు రాసేసరికి ఆ ఇంగ్లిషు వాక్యాలంటే భయం పోతుంది. తెర మీద వచ్చే ఎర్రర్ మనల్ని తిట్టడం లేదు, ఎక్కడ ఆగిందో చెబుతోంది. ఆ నోటుబుక్కును వచ్చే ఏడాది చేరే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇచ్చి వెళ్లండి.