పెట్టె లేని వెదుకులాట: పాలకుర్తి పరిసరాలలో ఒక వేసవి దినం

జియోకేషింగ్ అనే పేరు మన విద్యార్థులలో చాలామందికి కొత్తది కావచ్చు. భూమిపై ఒక బిందువును అక్షాంశ రేఖాంశాల అంకెలలో తెలిపి, అక్కడ దాచిన చిన్న పెట్టెను వెదకి పట్టుకొమ్మనడమే ఈ క్రీడ. పెట్టెలో ధనం ఉండదు. ఒక చిన్న పుస్తకం, మహా అయితే ఒక ఆటబొమ్మ ఉంటాయి. పట్టుకొన్నవారు పుస్తకంలో పేరు, తేదీ వ్రాసి, పెట్టెను యథాస్థానంలో ఉంచి రావాలి. మే నెలలో ఒక ఆదివారం మేము దంపతులం ఈ క్రీడను జనగామ జిల్లా పాలకుర్తి ప్రాంతంలో, కొంత మార్చుకొని, ఆడి చూశాము. ఆ మార్పు ఎందుకు అవసరమైనదో చెప్పడమే ఈ వ్యాసోద్దేశం.

ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడుభూములలో 1854 నాటికే ఒక మారుమూల స్థలంలో సీసా ఉంచి, అంత దూరం నడిచి వచ్చినవారు అందులో తమ పేరుచీటీ వేసే ఆచారం ఏర్పడినది. అయితే అంకెల ఆధారంగా వెదకడం ఉపగ్రహాలు వచ్చిన తర్వాతి మాట. అమెరికా ప్రభుత్వం తన జి.పి.ఎస్. ఉపగ్రహాల సంకేతాలలో సామాన్యులకు నూరు మీటర్ల వరకు తేడా వచ్చేలా కావాలనే లోపం కలిపి పంపేది. 2000 మే 1 రాత్రి ఆ లోపాన్ని తొలగించారు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ ఉల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అంకెలను లోకానికి ప్రకటించినాడు. క్రీడ అట్లా పుట్టినది.

ఈ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ తమ గడియారపు వేళను ఎడతెగక ప్రకటిస్తూ ఉంటాయి. ఆ సంకేతం మన చేతిలోని ఫోనును చేరడానికి సెకనులో పదిహేనవ వంతు కాలం పడుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి ఫోను దూరం లెక్కకడుతుంది. స్థానం తెలియడానికి మూడు ఉపగ్రహాలు చాలుననిపించినా, మన ఫోను గడియారం అంత నికరమైనది కాదు కనుక నాలుగవది తప్పదు. సెకనులో పది లక్షలవ వంతు తేడా వస్తే మూడు వందల మీటర్లు తప్పినట్లే.

ఇక అంకెలు చదవడం. ఇక్కడనే విద్యార్థులు జాగ్రత్త వహించాలి, మేము వహించలేదు. పాలకుర్తి ఉత్తర అక్షాంశం సుమారు 17 డిగ్రీల 40 నిమిషాల వద్ద, తూర్పు రేఖాంశం సుమారు 79 డిగ్రీల 26 నిమిషాల వద్ద ఉన్నది. అక్షాంశంలో ఒక నిమిషం 1.85 కిలోమీటర్లు, ఒక సెకను దాదాపు 31 మీటర్లు. 17 డిగ్రీల 40 నిమిషాలను ఎవరైనా 17.40 డిగ్రీలు అని వ్రాసుకొంటే అది 17 డిగ్రీల 24 నిమిషాలే అవుతుంది. అనగా 16 నిమిషాల తేడా, దాదాపు 30 కిలోమీటర్లు! దశాంశానికీ షష్ట్యంశానికీ గల ఈ భేదం తరగతి గదిలో అర మార్కు విషయం. ఎండలో అట్లా కాదు.

ఉదయం ఆరు గంటలకు స్కూటరుపై జనగామ విడిచి, సూర్యాపేట రోడ్డున కామారెడ్డిగూడెం చేరినాము. భూమి హక్కు కోసం న్యాయస్థానాలలో పోరాడి, గెలిచి, చివరకు హత్యకు గురైన షేక్ బందగీ సమాధి అక్కడ కలదు. సుంకర, వాసిరెడ్డిల ‘మా భూమి’ నాటకానికి మూలం ఆయన కథ. ఆ దారిన ఎన్నిసార్లు బస్సులో పోయినామో లెక్క లేదు. దిగడం అదే మొదలు. అంకెలు చేతిలో లేకుంటే ఈసారి కూడా దిగేవారం కామేమో. అటుపై 1946 జులై 4న దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి మీదుగా పాలకుర్తి చేరేసరికి ఎనిమిదిన్నర అయినది.

పాలకుర్తి గుట్టపై సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ప్రక్కప్రక్క గుహలలో వెలసినారు. ద్విపదలో బసవపురాణం రచించిన పాల్కురికి సోమనాథుని ఊరు ఇది. చాకలి ఐలమ్మ తన పంటను దొరపాలు కాకుండా సంఘం అండతో ఇల్లు చేర్చుకొన్న ఊరు కూడా ఇదే. మేము పెట్టె దాచలేదు. దానికి బదులు ప్రతి స్థలానికీ అక్కడ నిలబడినవారే జవాబు చెప్పగల ఒక ప్రశ్న వ్రాసుకొన్నాము. గుట్టకు మా ప్రశ్న, మెట్లు ఎన్ని అని. ఇద్దరి లెక్కకూ మూడు మెట్లు తేడా వచ్చినది. మళ్ళీ దిగి ఎక్కడానికి మాలో ఒకరు సిద్ధపడలేదు. ఎవరో వ్రాయనక్కరలేదు.

బమ్మెరకు బయలుదేరినప్పుడు మా తప్పు బయటపడినది. కాగితంపై నిమిషాల తర్వాత దశాంశ బిందువు, ఆ తర్వాత 50 అని ఉన్నది. నిమిషంలో సగం గనుక అది 30 సెకన్లు. మేము దానిని 50 సెకన్లుగా ఫోనులో ఎక్కించినాము. ఇరవై సెకన్ల పొరపాటు మమ్ములను ఊరికి ఆరు వందల మీటర్లకు పైగా ఉత్తరాన, దుక్కి దున్నని ఒక చెలకలో, పదకొండు గంటల ఎండలో నిలబెట్టినది. ఫోను వేడెక్కి తెర మసకబారినది. ఎదుట ఒక హద్దురాయి తప్ప మరేమీ లేదు. ఆ రాయి చుట్టూ వంగి చూస్తుండగా గొర్రెలు కాసే ఒక వృద్ధుడు వచ్చి కర్ర ఆనించి నిలిచినాడు.

“ఏం దేవులాడుతున్నరు సారూ? లంకెబిందెలా?”

నవ్వుతూ అన్న మాట కాదది. మన పల్లెలలో గుప్తనిధుల కోసం పాత గుడులను, సమాధులను రాత్రివేళ త్రవ్వి పాడుచేసే ముఠాల సంగతి పత్రికలలో తరచు చదువుతున్నదే. భూమిలో దొరికిన నిక్షేపం విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతున్నా, దొంగలకు చట్టంతో పనేమి? పరాయివారు ఇద్దరు చేతిలో యంత్రంతో రాయి చుట్టూ తిరిగితే ఊరివారికి అనుమానం రావడం న్యాయమే. ఇంగ్లండులోని వెదర్బీలో 2011లో ఇటువంటి ఆటపెట్టెనే బాంబుగా భావించి సైనిక నిపుణులు పేల్చివేసినారు. ఆ దేశంలోనే అట్లా ఉంటే, గుడి నీడనో దర్గా గోడ సందునో మన విద్యార్థి పెట్టె దాచి రావడం ఏమంత క్షేమం? అందుకే మేము పెట్టె వద్దనుకొన్నది. 2004 నుండి అమెరికా భూవిజ్ఞాన సంఘం పూనికతో నడుస్తున్న ఎర్త్‌కేష్ పద్ధతి ఇటువంటిదే. అక్కడ ఏమీ దాచరు. స్థలాన్ని చూసి ప్రశ్నకు జవాబు చెప్పాలి.

“లంకెబిందెలు కాదు తాతా, పోతన సమాధికి పోవాలె, తొవ్వ తప్పినం” అని కాగితం చూపినాము. ఆయన కాగితం చూడలేదు. కర్ర దక్షిణానికి చాచి, “గా చింతచెట్టు కాడికెల్లి పోండ్రి” అని, చెంబుతో నీళ్ళిచ్చినాడు. తాను నిలిచిన గెట్టు తనదేనట. అంకెల సంగతి వివరిస్తే, “మా నక్షల ఉన్నట్టేనా?” అన్నాడు. నక్షా, తరీ, ఖుష్కీ... మన రైతు తన నేలను గుర్తుపట్టే మాటలలో ఉర్దూ ఎంత ఉన్నదో మాకు అప్పుడు తోచినది. ఈ రెండు భాషలూ చదివే మన కళాశాలలో దీనిపై ఎవరైనా వ్యాసం వ్రాయవచ్చును.

బమ్మెరలో పోతన సమాధి వద్ద చాలాసేపు కూర్చున్నాము. పోతనది ఓరుగల్లు సీమ బమ్మెరా, కడప సీమ ఒంటిమిట్టా అని పండితులు పోట్లాడుకొన్నారు. సోమనాథుని ఊరిని కన్నడదేశాన చూపినవారూ ఉన్నారు. ఈ వాదాలను ఉపగ్రహం తీర్చదు. కవి పుట్టిన చోటును నిర్ణయించడానికి గ్రంథాలను, శాసనాలను, ఊరివారి వాడుకను కలిపి చూసిన వారి శ్రమ వేరు. వాల్మీకి పేరుతో ముడిపడిన వల్మిడి గుట్టను దూరం నుండి చూసి, ఎక్కకుండానే మరలినాము, పొద్దు చాలలేదు.

చెలకలో నుండి కదిలేటప్పుడు ఆ వృద్ధుడు తన హద్దురాయి అంకెలు వ్రాసి ఇమ్మన్నాడు. ఈసారి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు విడివిడిగా, మాటలలో కూడా వ్రాసి, ఇద్దరం రెండుసార్లు సరిచూసి ఇచ్చినాము. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకొని, గొర్రెలను అదిలించుకొంటూ వెళ్ళిపోయినాడు.