వైద్యవిజ్ఞాన నిరూపణమున నామ – సంబంధ – అభావ విచారము

1. ఉపక్రమము

వైద్యుడు రోగిని పరీక్షించి తెలిసికొన్న విషయములను కంప్యూటరున నమోదు చేయు పద్ధతి నేడు విస్తరించుచున్నది. ఆ నమోదును మరల మనుష్యుడే చదువునెడల సాధారణ వాక్యము చాలును. యంత్రము దానినుండి నిగమనములు చేయవలెనన్నచో మాత్రము చాలదు. ఏ పదము ఏ అర్థమును బోధించునో, ఆ అర్థమునకు తక్కిన అర్థములతో ఎట్టి సంబంధము కలదో ముందే నిర్ణయించి యుంచవలెను. ఇట్టి నిర్ణయముల సముదాయమునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు ‘ఆంటాలజీ’ యందురు. ఒక విషయమును మనము భావించుకొను తీరునకు స్పష్టమైన నిర్దేశము అను అర్థమున 1993లో టామ్ గ్రూబర్ దీనిని నిర్వచించెను. ఈ వ్యాసమున దానికి ‘పదార్థవ్యవస్థ’ అను పదమును వాడుచున్నాను.

ఈ పదము వినగానే మనకు తర్కసంగ్రహము స్ఫురించుట సహజము. ఆంధ్రుడుగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు ద్రవ్య, గుణ, కర్మ, సామాన్య, విశేష, సమవాయ, అభావములను ఏడు పదార్థములను అందు బాలబోధకముగా వివరించెను. వీనిలో అభావము తప్ప తక్కిన ఆరును చరకసంహిత సూత్రస్థాన ప్రథమాధ్యాయమున వేరొక క్రమమున కలవు. సంస్కృత శాస్త్రకారుల వాక్యార్థవివరణ పద్ధతికిని, యంత్రములకై కల్పించిన అర్థజాలములకును సామ్యము కలదని 1985లో రిక్ బ్రిగ్స్ ‘ఏఐ మ్యాగజైన్’ అను పత్రికలో ప్రతిపాదించెను. నాటినుండి ఇట్టి సామ్యములు సభలలో తరచుగా వినబడుచున్నవి. సామ్యమును ప్రకటించి అంతటితో విరమించినచో శాస్త్రమునకు గాని వైద్యమునకు గాని లాభము లేదు. ఈ రెండు వ్యవస్థలును ఎచ్చట కలియునో, ఎచ్చట విడిపోవునో తెలియుట ముఖ్యము. నామము, సంబంధము, అభావము అను మూడు విషయములలో దానిని పరిశీలింతము.

2. నామము

అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము 1986లో ఏకీకృత వైద్యభాషా వ్యవస్థ అను పథకమును ఆరంభించెను. భిన్నకోశములలోని పదములను సమీకరించి, ఒకే అర్థమును చెప్పు పర్యాయములన్నిటికిని ఒకే సంకేతసంఖ్య నిచ్చుట దీని పద్ధతి. ఇంగ్లీషున ‘కోల్డ్’ అను ఒక్క పదము చల్లదనమును చెప్పును, జలుబును చెప్పును, పొడి అక్షరముల కూర్పుగా ఒక దీర్ఘకాలిక శ్వాసకోశవ్యాధిని కూడ చెప్పును. కావున దానికి మూడు సంఖ్యలు కావలెను. అమరకోశమున నానార్థములకు ప్రత్యేకవర్గ ముండుట ఎరిగినవారికి ఈ వివేకము నూతనము కాదు.

ఇట్టి కోశములకు ఉండదగిన లక్షణములను జేమ్స్ సిమినో 1998లో క్రోడీకరించెను. ‘ఇతరత్ర చెప్పబడనివి’ అను వర్గము ఉండరాదనుట అందొకటి. ఆ వర్గమునకు స్వకీయ లక్షణము లేదు. తక్కిన వర్గములను బట్టియే దాని అర్థ మేర్పడును. రేపొక వ్యాధికి క్రొత్తగా వేరు స్థానము కల్పించినచో, నిన్నటి రోగిపత్రములోని అర్థము ఎవ్వరును ముట్టకయే మారిపోవును.

పర్యాయనిర్ణయము రెండు శాస్త్రముల నడుమ మరింత కష్టము. ‘జ్వరము’నకు ‘ఫీవర్’ పర్యాయమని వ్యవహారము. చరకుని మతమున జ్వరము దేహేంద్రియమనస్సులకు సంతాపము కలిగించు వ్యాధి. నిదానస్థానమున దానికి ఎనిమిది భేదములు చెప్పబడినవి. ఆధునికుల ఫీవర్ శరీరోష్ణత పెరుగుట. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి వ్యాధివర్గీకరణము పదవ కూర్పున అది లక్షణముల అధ్యాయమున చేరినది. ఒకటి వ్యాధి, మరియొకటి లక్షణము. రెండింటికిని ఒకే సంఖ్య నిచ్చినచో, జ్వరమని నమోదైన ప్రతి రోగికిని థర్మామీటరు చూపిన ఉష్ణతావృద్ధి యుండెనని యంత్రము గ్రహించును. వీనిని ‘సంబద్ధములు’ అనవచ్చును గాని ‘సమానములు’ అనరాదు.

వ్యాధికి పేరు చెప్పజాలని వైద్యుడు సిగ్గుపడ నక్కరలేదనియు, సర్వవికారములకును స్థిరమైన నామము లేదనియు చరకుడు సూత్రస్థానము పదునెనిమిదవ అధ్యాయమున చెప్పెను. వికారముయొక్క స్వభావమును, స్థానమును, హేతువును ఎరుంగుట ప్రధానమని ఆతని ఆశయము. నామముకంటె సంబంధములు ముఖ్యములని దీని ఫలితార్థము.

3. సంబంధము

ఈగ, ఈస్టు, ఎలుక అను మూడు జీవులను గూర్చిన డేటాబేసుల నిర్వాహకులు కలిసి 1998లో జన్యు పదార్థవ్యవస్థకు పునాది వేసిరి. ‘ఇది దానిలో ఒక రకము’, ‘ఇది దానిలో ఒక భాగము’ అనునవి అందలి ప్రధాన సంబంధములు. ఈ రెండింటిని కలగలిపినచో దోషము పుట్టును. తొడయెముక మెడభాగము విరుగుట తొడయెముక విరుగుటయే. కాని కాలివ్రేలిని తొలగించుట పాదమును తొలగించుట కాదు. భాగమునకు జరిగినది సమస్తమునకు జరిగినట్లు ఎచ్చట చెప్పవచ్చునో, ఎచ్చట చెప్పరాదో విడివిడిగా నిర్ణయింపనిచో, వ్రేలు పోయిన రోగి యంత్రము దృష్టిలో పాదము లేనివా డగును.

‘రకము’ అను సంబంధమును జాతివ్యక్తుల సమవాయముతో పోల్చుట కలదు. అది సరి కాదు. న్యుమోనియా శ్వాసకోశవ్యాధిలో ఒక రకమనునపుడు రెండును వర్గములే, వ్యక్తి లేదు. జాతియందు జాతి సమవేతము కాదని నైయాయికుల నియమము. కావున ఇచ్చటి సంబంధము వ్యాప్యవ్యాపకభావము: న్యుమోనియా ఉన్నచోటనెల్ల శ్వాసకోశవ్యాధి ఉండును. ఒక రోగికి వచ్చిన న్యుమోనియాకును ఆ వర్గమునకును గల సంబంధమే జాతివ్యక్తి సంబంధమునకు సమీపము.

‘భాగము’ అవయవావయవి సంబంధమునకు చేరువ. కాని దిశ వేరు. ఆధునికులు భాగము సమస్తమున నున్నదందురు. మనవారు అవయవి అవయవములయందు సమవేతమందురు, పటము తంతువులయం దున్నట్లు. అంతేగాక సమవాయ మొక్కటియే గుణగుణులు, క్రియాక్రియావంతులు మొదలైన ఐదు యుగ్మములకు వర్తించును. యంత్రమునకు ఆ ఐదును ఐదు వేరు సంబంధములుగా చెప్పవలసినదే.

మరియొక భేదము కలదు. మూడున్నర లక్షలకు పైగా అర్థములు గల స్నోమెడ్ సి.టి. అను వైద్యకోశమున, బాక్టీరియా వలని న్యుమోనియా అటు సంక్రామికవ్యాధులలోను ఇటు శ్వాసకోశవ్యాధులలోను చేరును. ఈ రెండు వర్గములు ఒకదానినొకటి ఖండించుకొనును. ఇట్టి సాంకర్యము జాతిబాధకమని నైయాయికులు భూతత్వ మూర్తత్వముల ఉదాహరణముతో చూపుదురు. వారి దృష్టిలో ఇవి జాతులు కావు, ఉపాధులు. వైద్యునికి రెండు మార్గములును కావలెను. కావున కోశకర్తలు సాంకర్యమును నిషేధింపరు. ఇచ్చట శాస్త్రనియమమును యథాతథముగా విధించుట చికిత్సకు ఆటంక మగును.

4. అభావము

సామ్యము నిజముగా ఉపకరించునది అభావవిషయమున. రోగిపత్రమున ‘పెన్సిలిన్ పడదు’ అని లేదు. దీనినుండి పెన్సిలిన్ పడునని గ్రహింపవచ్చునా? సాధారణ డేటాబేసులు చెప్పనిది లేదని భావించును. 2004లో ప్రమాణముగా వెలువడిన ‘ఔల్’ అను పదార్థవ్యవస్థాభాష చెప్పనిదానిని తెలియనిదిగా మాత్రమే తీసికొనును. ఈ భేదమును గమనింపనిచో రోగి ప్రాణమునకే ముప్పు.

ఉన్నయెడల కనబడవలసినది కనబడకున్నప్పుడే అభావనిశ్చయ మగునని మన శాస్త్రము. దీనినే యోగ్యానుపలబ్ధి యందురు. న్యాయమతమున ఇది ప్రత్యక్షమునకు సహకారి; భాట్టులకు, వేదాంతులకు అనుపలబ్ధి స్వతంత్రప్రమాణము. వివాద మెట్లున్నను యోగ్యతానియమము ఇరువురికిని సమ్మతమే. వైద్యుడు ఆ ప్రశ్న నడిగెనా, ఆ పరీక్ష జరిగెనా అనునదే ఇచ్చటి యోగ్యత. అడుగకయే ఖాళీగా విడిచిన గడి అభావమునకు ప్రమాణము కాదు. స్నోమెడ్‌లో ‘లేదని తెలిసినది’ అను విలువను ప్రత్యేకముగా నుంచుటకు కారణ మిదియే.

అభావభేదములు కూడ ఇచ్చట సార్థకములు. వ్యాధివర్గీకరణము పదవ కూర్పున శస్త్రచికిత్సచే మూత్రపిండమును కోల్పోయినవానికి జడ్ 90 వర్గమునను, పుట్టుకతోనే అది లేనివానికి క్యూ 60 వర్గమునను స్థానము కలదు. మొదటిది ధ్వంసము. రెండవదానిని అత్యంతాభావముతో పోల్చవచ్చును. ‘మూత్రపిండము లేదు’ అను ఒక్క వాక్యము ఈ రెండింటిని వేరు చేయజాలదు.

5. ఉపసంహారము

ఈ విచారము కేవలము పాండిత్యవినోదము కాదు. 2022 జనవరి 1న అమలులోనికి వచ్చిన వ్యాధివర్గీకరణము పదునొకండవ కూర్పునకు చేర్చుటకై, ఆయుర్వేద, సిద్ధ, యునానీ వ్యాధినామములతో కూడిన విభాగము 2024 జనవరి 10న న్యూఢిల్లీలో ఆవిష్కరింపబడినది. అందలి ప్రతి సంస్కృతపదమునకును అర్థనిర్ణయము కావలెను. ఆ పని వైద్యునిచేతనే కాదు, కంప్యూటరు నిపుణునిచేతనే కాదు. మూలగ్రంథమును వ్యాఖ్యానసహితముగా చదువగలవాడు తోడుండవలెను.

అట్టివాడు ప్రతి పదమునకును మూడు ప్రశ్నలు వేయవలెను. ఇది దేనికి పర్యాయము, దేనికి కేవలము సంబద్ధము? ఇది దేనిలో రకము, దేనిలో భాగము? ఇది లేదనుట ఏ పరీక్షచే తెలిసినది? ఈ ప్రశ్నలు వేయు అలవాటు మన తర్కపాఠములలో కలదు. సమాధానములు మాత్రము పూర్వమే సిద్ధముగా నున్నవని తలంపరాదు. వానిని వైద్యునితో కూర్చుండి పదముపదమునకు నిర్ణయింపవలసి యున్నది.