దుంగ నడిచే దారి



జామాయిల్ తోట కొట్టేటప్పుడు మనలో చాలామంది కూలికి వెళ్తారు. మగవాళ్లు చెట్టు నరుకుతారు. మనం దుంగ మీది తొక్క తీస్తాం. కొమ్మలు ఏరి కుప్ప వేస్తాం. దుంగలు లారీ ఎక్కుతాయి. లారీ వెళ్లిపోతుంది.

మరి ఆ దుంగ ఎక్కడికి వెళ్తుంది? వెళ్లిన చోట దాన్ని ఎవరు మోస్తారు?

జామాయిల్, సుబాబుల్, సరుగుడు దుంగలు ఎక్కువగా కాగితం మిల్లులకు వెళ్తాయి. రాజమహేంద్రవరంలో కాగితం మిల్లు ఉంది. భద్రాచలం దగ్గర సారపాకలో ఉంది. కాగజ్‌నగర్‌లో కూడా ఉంది. కాగజ్ అంటే కాగితమే! మీ చేతిలో ఉన్న ఈ పుస్తకం కాగితం కూడా ఒకప్పుడు ఏదో ఒక మొక్కలోని పీచే.

మిల్లులో దుంగను తల మీద ఎవరూ మోయరు. దుంగే నడిచి వెళ్తుంది. అది నడిచే దారి గురించి ఈ పాఠంలో చదువుకుందాం. ఆ దారి పక్కన పని చేసే ఆడవాళ్లు ఏం తెలుసుకోవాలో కూడా చదువుకుందాం.

పూర్వం ఎలా మోసేవారు?

కలప బరువు. పచ్చి కలప ఇంకా బరువు. పూర్వం అడవిలో కొట్టిన దుంగలను తెప్పలుగా కట్టేవారు. గోదావరిలో వదిలేవారు. నీళ్లే వాటిని రాజమండ్రి దాకా మోసుకొచ్చేవి. ఏరు లేని చోట ఎడ్లబండి లాగేది.

నీళ్లు మోస్తే ఖర్చు లేదు. కాని ఒక చిక్కు ఉంది. నీరు పల్లానికే పోతుంది. మెరక ఎక్కదు. మిల్లులో దుంగ పైకి ఎక్కాలి, పక్కకు తిరగాలి, మనం ఆపినప్పుడు ఆగాలి. అందుకని మనుషులు యంత్రంతో నడిచే దారిని తయారు చేసుకున్నారు. దీనిని కన్వేయర్ అంటారు. మిల్లులో కూలీలు మామూలుగా బెల్టు అనో, పట్టా అనో, చైను అనో అంటారు.

మూడు రకాల దారులు

పేరు కొత్త. పని మాత్రం మనకు తెలిసిందే.

1. రోలర్ల దారి. అప్పడాల కర్రలను వరుసగా పక్కపక్కనే పేర్చారనుకోండి. వాటి మీద ఒక పలక పెట్టి నెట్టండి. సులువుగా జరుగుతుంది. రోలర్లు అలాంటివే. ఇవి ఇనుప గొట్టాలు. ఉన్నచోటనే గుండ్రంగా తిరుగుతాయి. పెద్ద కోత మిల్లుల్లో కోసిన పలకలు వీటి మీద నుంచి వెళ్తాయి.

2. గొలుసు దారి. సైకిలు చైను చూశారు కదా. అలాంటిదే, కాని చాలా పెద్దది, చాలా గట్టిది. గొలుసుకు మధ్య మధ్య ఇనుప పళ్లు ఉంటాయి. పళ్లు దుంగను పట్టుకుని ముందుకు లాగుతాయి. దుంగ కిందికి జారదు. అందుకే బరువు దుంగలను పైకి ఎక్కించడానికి గొలుసు వాడతారు.

3. బెల్టు దారి. పిండిమరలో బెల్టు చూశారు కదా. మిల్లులో ఆ బెల్టు మూరెడు, రెండు మూరల వెడల్పు ఉంటుంది. రెండు కొసల్లో రెండు డ్రమ్ములు ఉంటాయి. ఒక డ్రమ్మును మోటారు తిప్పుతుంది. బెల్టు కింద చిన్న రోలర్లు ఉంటాయి. అవి బెల్టును కాస్త దొన్నె లాగా వంచి పట్టుకుంటాయి. అప్పుడు దాని మీద పోసిన ముక్కలు పక్కలకు రాలవు.

బెల్టుకు మొదలు లేదు, చివర లేదు. పైనుంచి సరుకుతో వెళ్తుంది. కిందనుంచి ఖాళీగా తిరిగి వస్తుంది.

దుంగ ప్రయాణం

కాగితం మిల్లులో దుంగ ఎలా వెళ్తుందో చూద్దాం.

ముందు లారీ కాటా ఎక్కుతుంది. తూకం వేస్తారు. తర్వాత దుంగలను గొలుసు దారి మీద వేస్తారు. వాటికి అంటిన మట్టి, రాళ్లు పోవాలి. రాయి తగిలితే లోపల కత్తులు విరుగుతాయి.

గొలుసు దుంగను ముక్కల మిషను దగ్గరకు తీసుకెళ్తుంది. ఆ మిషనులో పెద్ద ఇనుప చక్రం ఉంటుంది. చక్రానికి కత్తులు ఉంటాయి. దుంగ లోపలికి వెళ్లగానే చిన్న చిన్న ముక్కలు అయిపోతుంది. ముక్క పొడవు 2 లేక 3 సెంటీమీటర్లు. అంటే మన బొటనవేలి గోరు కంటే కొంచెం పెద్దది.

ముక్కలు బెల్టు మీద జల్లెడకు వెళ్తాయి. ఇది మనం బియ్యం జల్లించినట్టే. పెద్ద ముక్కలను మళ్లీ మిషనుకు పంపుతారు. సన్నని పొట్టును బాయిలరులో కాల్చి ఆవిరి పుట్టిస్తారు. సమంగా ఉన్న ముక్కలే ముందుకు వెళ్తాయి.

ఎందుకు సమంగా ఉండాలి? కూరకు దుంపలు తరిగేటప్పుడు ఒక ముక్క పెద్దది, ఒక ముక్క చిన్నది అయితే ఏమవుతుంది? చిన్నది చితికిపోతుంది. పెద్దది ఉడకదు. కలప ముక్కలూ అంతే. వాటిని కూడా పెద్ద పాత్రలో మందు నీళ్లతో ఉడికిస్తారు. ఉడికితే పీచు విడిపోతుంది. ఆ పీచుతోనే కాగితం తయారవుతుంది.

మోత ఎంత తగ్గింది?

ఒక లెక్క చూద్దాం. ఒక మీటరు బెల్టు మీద 10 కిలోల ముక్కలు ఉన్నాయనుకోండి. బెల్టు ఒక సెకనుకు 1 మీటరు నడుస్తుందనుకోండి. నిమిషానికి 60 సెకన్లు. అంటే నిమిషంలో 600 కిలోలు దాటిపోతాయి. మనం తట్టకు 20 కిలోలు మోస్తే 30 తట్టలు మోయాలి. బెల్టుకు ఒక్క నిమిషం.

మెడ నొప్పి, నడుము నొప్పి తగ్గాయి. అది మంచిదే. కాని 30 తట్టలు మోసిన కూలి కూడా తగ్గింది. మరి బెల్టు వచ్చాక ఆడవాళ్లకు మిగిలిన పని ఏమిటి? చాలా చోట్ల ఊడ్చే పనే. బెల్టు మీద నుంచి ముక్కలు, పొట్టు కింద రాలుతుంటాయి. వాటిని ఎత్తి పోయాలి. పక్కన నిలబడి చెడ్డ ముక్కలు ఏరాలి.

చూడటానికి ఇది తేలిక పని. మోత లేదు. కాని బెల్టుల దగ్గర ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఊడ్చేటప్పుడు, తుడిచేటప్పుడు, అడ్డుపడ్డ ముక్కను తీసేటప్పుడే.

బెల్టుకు కళ్లు లేవు

బజారులో చెరకు రసం మిషను చూశారు కదా. రెండు రోలర్ల మధ్య చెరకు కొస పెడితే చాలు. మిగతాదంతా అదే లాక్కుంటుంది. బెల్టు, డ్రమ్ము కలిసే చోటు కూడా అలాంటి నోరే. దానికి కలప ఏదో, కొంగు ఏదో, చెయ్యి ఏదో తెలియదు. అందింది లాక్కుంటుంది.

ఇంకో లెక్క చేద్దాం. బెల్టు సెకనుకు 1 మీటరే నడుస్తుంది. ఇది మనం నడిచే నడకంత. భయపడేంత వేగం కాదు అనిపిస్తుంది. కాని వేలాడే కొంగు ఒక మీటరు ఉంటుంది. అది చిక్కితే ఒక్క సెకనులో మొత్తం లోపలికి వెళ్తుంది. ఎవరో కేక విని 5 సెకన్లలో స్విచ్చి దగ్గరకు పరుగెత్తారు. ఆ 5 సెకన్లలో బెల్టు 5 మీటర్లు నడిచింది. ఆరు గజాల చీర పొడవు సుమారు అయిదున్నర మీటర్లే.

ఇంకొక మాట. స్విచ్చి ఆపగానే బెల్టు ఆగదు. కొంచెం దూరం నడిచి ఆగుతుంది. పైకి ఎక్కే బెల్టు ఒక్కొక్కసారి బరువుకు వెనక్కి కూడా జారుతుంది.

మనం ఏం చేయాలి?

● కొంగు నడుముకు బిగించి దోపుకోవాలి. పైన చొక్కా గాని, కోటు గాని వేసుకుని గుండీలు పెట్టుకోవాలి.

"చీర మీద చొక్కా వేసుకుంటే నవ్వరా అమ్మాయ్?" అని మా కేంద్రంలో ఒక పెద్దమ్మ అడిగింది. పక్కనున్న ఆమే జవాబు చెప్పింది: "పత్తి తీయడానికి పోయినప్పుడు వేసుకుంటున్నాం కదా పెద్దమ్మా. చేలో ఎవరన్నా నవ్వారా? ఇదీ అంతే."

● జడ వేలాడకూడదు. ముడి వేసుకుని గుడ్డ కట్టుకోవాలి.

● మెడలో తాళి, గొలుసు జాకెట్టు లోపల ఉండాలి. మెడ చుట్టూ తువ్వాలు వేయకూడదు. వదులు గాజులు తీసేయాలి.

● నడుస్తున్న బెల్టును ఊడ్వకూడదు, తుడవకూడదు. ఇరుక్కున్న ముక్కను చేత్తో గాని, చీపురుతో గాని లాగకూడదు. చీపురును లాక్కుంటే చీపురుతో పాటు చెయ్యి కూడా పోతుంది.

● బెల్టు మీదుగా దాటకూడదు. కింద దూరకూడదు. మెట్ల వంతెన ఎంత దూరమున్నా దాని మీదుగానే వెళ్లాలి.

● ఊడ్చేటప్పుడు మోటారు ఆపించాలి. స్విచ్చికి తాళం వేయించాలి. పని అయ్యే దాకా తాళంచెవి ఊడ్చే వాళ్ల దగ్గరే ఉండాలి. లేకపోతే మనం కింద ఉన్న సంగతి తెలియక ఎవరో స్విచ్చి వేస్తారు.

● బెల్టు పక్కన పొడవునా ఒక తాడు గాని, తీగ గాని ఉంటుంది. దాన్ని లాగితే బెల్టు ఆగుతుంది. పనిలో చేరిన మొదటి రోజునే ఆ తాడు ఎక్కడుందో అడిగి చూసుకోవాలి.

● ఎవరైనా చిక్కుకుంటే చేత్తో పట్టి లాగకండి. ముందు తాడు లాగండి. తర్వాత మనిషిని చూడండి.

● పొట్టు పేరుకోనివ్వకూడదు. ఎండిన పొట్టుకు నిప్పు తొందరగా అంటుకుంటుంది. తిరగని రోలరు మీద బెల్టు రాసుకుంటే వేడి పుడుతుంది. కాలిన వాసన వస్తే వెంటనే చెప్పాలి. పొట్టు ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవాలి. దాని కొసలు వేలాడకూడదు.

బోర్డులు చదువుదాం

మిల్లులో బోర్డులు ఉంటాయి. నిన్నటి దాకా అవి మనకు గీతలు. ఈ రోజు అవి మాటలు. గట్టిగా చదవండి.

ప్రమాదం
చేయి పెట్టరాదు
బెల్టు దాటరాదు
మరమ్మతు జరుగుచున్నది – స్విచ్చి వేయరాదు
ఆపుటకు తాడు లాగవలెను

బోర్డు ఇంగ్లీషులోనే ఉంటే ఏం చేయాలి? "తెలుగులో రాయించండి" అని నలుగురూ కలిసి అడగాలి. చదవలేని బోర్డు ఉన్నా లేనట్టే.

చట్టం ఏమన్నది?

1948లో ఫ్యాక్టరీల చట్టం వచ్చింది. ప్రమాదకరమైన యంత్రాలకు కంచె ఉండాలని అందులో రాశారు. నడుస్తున్న యంత్రాన్ని తుడిచే పని, నూనె వేసే పని ఆడవాళ్ల చేత చేయిస్తే ప్రమాదం ఉన్న చోట చేయించకూడదని కూడా రాశారు. 2020లో పార్లమెంటు కొత్త కార్మిక చట్టం చేసింది. 2025 నవంబరు 21న అది అమలులోకి వచ్చింది. పాత చట్టం పోయి కొత్తది వచ్చింది. పని చోటు ప్రమాదం లేకుండా ఉంచే బాధ్యత యజమానిదే అన్న మాట మాత్రం మారలేదు.

ప్రమాదం కనబడితే యజమానికి చెప్పే హక్కు కూలీకి ఉన్నది. పనిలో చేరిన వారికి నియామక పత్రం ఇవ్వాలని కొత్త చట్టంలో ఉంది. పని వల్ల దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం 1923లోనే వచ్చింది. ఆ హక్కు ఇప్పుడు కొత్త చట్టాలలోకి చేరింది.

కాని పరిహారం అడగాలంటే ముందు ఆమె అక్కడ పని చేసినట్టు కాగితం ఉండాలి. మేస్త్రి నోటి మాటతో పనిలోకి తీసుకుంటే ఆ కాగితం ఉండదు. కాబట్టి హాజరు పుస్తకంలో మీ పేరు ఉందా? తేదీ సరిగ్గా ఉందా? వేలిముద్ర వేయకండి. చదివి సంతకం చేయండి.

కొత్త మాటలు

దుంగ – నరికిన చెట్టు మొద్దు
కన్వేయర్ – సరుకును మోసుకుపోయే యంత్రపు దారి
పొట్టు – కలప కోసినప్పుడు రాలే పొడి
నియామక పత్రం – పనిలో చేర్చుకున్నట్టు ఇచ్చే కాగితం
నష్టపరిహారం – జరిగిన నష్టానికి ఇచ్చే డబ్బు

చెప్పండి

1. బరువు దుంగలను పైకి ఎక్కించడానికి ఏ దారి వాడతారు? ఎందుకు?
2. కలప ముక్కలు సమంగా ఎందుకు ఉండాలి?
3. మీ తోటి ఆమె కొంగు బెల్టులో చిక్కింది. మీరు ముందు ఏం చేస్తారు?

లెక్క చేయండి

బెల్టు సెకనుకు 2 మీటర్లు నడుస్తున్నది. తాడు లాగడానికి 3 సెకన్లు పట్టింది. ఆలోగా బెల్టు ఎన్ని మీటర్లు నడిచింది? మీ చీర పొడవుతో పోల్చి చూడండి.

రాయండి

మీ ఊరి పిండిమరలో గాని, రైసు మిల్లులో గాని, కోత మిల్లులో గాని బెల్టు చుట్టూ కంచె ఉందా? వెళ్లి చూసి రండి. చూసింది అయిదు వాక్యాలలో రాయండి. కంచె లేకపోతే ఆ మిల్లు వాళ్లకు ఏం చెప్పాలో కేంద్రంలో అందరూ కలిసి మాట్లాడుకోండి.